టీడెమాన్ గారి కోరపన్ను

ఈ ప్రసంగాన్ని కాగితం మీద పెట్టకూడదనే అనుకున్నాను. మాట్లాడింది మాట్లాడేశాను, విన్నవాళ్ళు విన్నారు, కేకు తిన్నారు, ఇళ్ళకు వెళ్ళారు. అంతటితో సరిపోయేది. కానీ మా చేతిపనివారల సంఘం కార్యదర్శి వచ్చి సంచికలో కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయనీ, నేను రాసివ్వకపోతే వాటిల్లో దంతవైద్యుడి ప్రకటన వేస్తాననీ బెదిరించాడు. నా ప్రసంగంలో దంతవైద్యుడు ఎలాగూ వస్తాడు. ఆయన ప్రకటనకి డబ్బు కూడా పుచ్చుకోవడం మరీ అన్యాయం అనిపించి రాస్తున్నాను.

ఆ రోజు లేనివాళ్ళ కోసం ఒక్క మాట. టీడెమాన్ గారు పని మానేస్తున్నారని పెట్టిన వీడ్కోలు సభ జరిగింది హాల్లో కాదు. హార్బుర్గ్ రేవు పక్కన టీడెమాన్ గారి షెడ్డులోనే, రబ్బరు ముద్ద పిసికే రోలర్లకీ, మేమందరం కుండ అని పిలిచే ఇనప బాయిలరుకీ మధ్య బల్లలు వేశారు. కుండలో ఆఖరి వాయి ఎబొనైట్ కడ్డీలు ఉడికి చల్లారుతున్నాయి. చల్లారకముందే మూత తీస్తే కడ్డీలు వంకర్లు పోతాయి. అందుకని కుండ మీది ముల్లు పూర్తిగా కిందికి దిగేవరకూ నన్ను మాట్లాడుతూ ఉండమన్నారు. ముల్లు దగ్గర టీడెమాన్ గారి తమ్ముడి కూతురు వీబ్కె నిలబడింది. ఆమె చెయ్యెత్తితే నేను ఆపెయ్యాలి. నా జీవితంలో నాకెవరూ ఇంత ఇష్టమైన షరతు పెట్టలేదు.

ఇక మాట్లాడింది ఇది.

అధ్యక్షత వహిస్తున్న సంఘం పెద్ద గెర్లిండె హార్మ్స్ గారికి, ఈ సాయంత్రానికి కారణమైన హిన్నెర్క్ టీడెమాన్ గారికి, ఆయన్నీ ఆయన గంధకం వాసననీ ఇన్నేళ్ళు భరించిన భార్య ఎల్జె గారికి, ముందు వరసలో కూర్చుని ఈ గోడల్ని కళ్ళతోనే కొలుస్తున్న పడవల పెద్దమనిషికి, పైపులు చేసేవాళ్ళకి, పెన్నులు చేసేవాళ్ళకి, ఏమీ చెయ్యకుండా కేకు కోసం వచ్చినవాళ్ళకి నమస్కారం. (నవ్వులు)

నన్నెరగనివాళ్ళు ఒకరిద్దరు ఉండవచ్చు. నా పేరు ఓక్కో యాన్సెన్. పొగాకు పైపులు చేస్తాను. బడిలో నేను కూర్చున్నది తక్కువ, గోడ దగ్గర నిలబడ్డది ఎక్కువ. నాకున్న చదువంతా పైపు బాగు చేయించుకోవడానికి వచ్చి, అయ్యేదాకా కూర్చుని కబుర్లు చెప్పిన పెద్దమనుషుల దగ్గర నేర్చుకున్నదే. అందులో ఓడ సరంగులున్నారు, న్యాయవాదులున్నారు, ఒక పాస్టరు గారున్నారు. ఆ పాస్టరు గారు పైపుని ప్రార్థనమందిరం కిటికీలో, ఎండ పడేచోట మరిచిపోయి, కాడంతా పాచి పట్టినట్టు పచ్చబడితే, నేను నాసిరకం సరుకు అంటగట్టానని ఆదివారం ఉపదేశంలో దొంగ తూకాల వర్తకుల ప్రస్తావన తెచ్చారు. ఎబొనైట్‌కి ఎండ పడదని నేను చెబితే, "మరి సృష్టికర్త ఎండని చేసినప్పుడు మీ టీడెమాన్‌ని అడగలేదా?" అన్నారు. (నవ్వులు) ఇది అసందర్భమే. ముల్లు ఇంకా పైనే ఉంది కనక చెప్పాను.

పడవల పెద్దమనిషి ఇందాక నన్నొక ప్రశ్న అడిగారు. అసలీ కడ్డీలు ఏమిటి, ప్లాస్టిక్కా అని. టీడెమాన్ గారి చెవిన పడలేదు, అదృష్టం. అయ్యా, ఇది రబ్బరు. మీ సైకిలు టైరుకి అన్నగారు. రబ్బరులో గంధకం దండిగా పోసి, పిసికి, నిదానంగా ఉడికిస్తే కర్రలాగా గట్టిపడుతుంది, పంటికి మాత్రం మెత్తగా తగులుతుంది. దాన్ని చెక్కి మేము పైపు నోట్లో పెట్టుకునే కాడ చేస్తాం. అదిగో ఆ స్తంభాన్ని ఆనుకుని నిద్రపోతున్న బ్రూనో కాస్టెన్ లాంటివాళ్ళు పెన్నులు చేస్తారు.

("నిద్ర కాదు, నీ అబద్ధాలు లెక్కపెడుతున్నా," అని బ్రూనో. నవ్వులు.)

కిటుకంతా ఆ నిదానంలో ఉంది. తొందరపడి వేడి పెంచితే ముద్ద తనలో తనే వేడెక్కిపోతుంది. కోపంగా ఉన్న మనిషికి ఎదురు సమాధానం చెప్పినట్టన్నమాట. నడిమి భాగం మాడి గుల్ల అవుతుంది. వేడి సరిగానే ఉండి, కొంచెం ఎక్కువసేపు ఉంచితే గాజవుతుంది. పైకి చూస్తే అద్దంలా మెరుస్తుంది, ఎవరికైనా ముద్దొస్తుంది. పంటి కింద పెడితే కటుక్కుమంటుంది. అదీ తేడా. కంటికి తెలియదు, చేతికి తెలియదు, పంటికే తెలుస్తుంది.

ఇంకో సంగతి. కడ్డీలు సానపట్టినప్పుడు రాలిన పొడిని వీళ్ళు పారెయ్యరు. రొట్టె చేసేవాళ్ళు పులిసిన పిండి కాస్త మిగిల్చి రేపటి పిండిలో కలుపుకున్నట్టు, ఆ పొడిని తరవాతి ముద్దలో కలుపుతారు. నేనూ బ్రూనో మా దుకాణాల్లో రాలిన పొడి సంచికెత్తి తెచ్చిస్తాం. అంటే ఇప్పుడా కుండలో ఉన్న వాయిలో కిందటి వాయి ఉంది, అందులో దాని ముందుదీ ఉంది. అలా పోతే టీడెమాన్ గారి నాన్నగారి చేతి వాయి కూడా ఎంతో కొంత ఉంది. నా ముక్కుపొడుం కూడా ఉండే ఉంటుంది. (నవ్వులు)

హార్మ్స్ గారు సంఘం తరఫున ఇప్పుడే వెండి పళ్ళెం బహూకరించారు. చాలా అందమైన పళ్ళెం. అందరూ ఇప్పుడే ఒకసారి చూసుకోండి. ఈ షెడ్డు గంధకపు గాలిలో వెండి ఎన్నాళ్ళు వెండిలా ఉంటుందో మీకు తెలుసు.

("మా పెళ్ళిలో మా అమ్మ పెట్టిన వెండి చెంచాలు చూస్తే ఇనపవి అనుకుంటారు," అని ఎల్జె గారు. "ఈయన చొక్కా విప్పి పక్కన పెడితే చాలు, పక్కింటివాళ్ళ చెంచాలు కూడా నల్లబడతాయి." పెద్దగా నవ్వులు.)

హార్మ్స్ గారూ, ఏమీ అనుకోకండి. రబ్బరువాళ్ళకి వెండి ఇవ్వడం ప్రేమే. పళ్ళెం నల్లగా ఉంటే ఆయన దాన్ని దగ్గరే పెట్టుకున్నారని అర్థం.

ఇక టీడెమాన్ గారి గురించి. ఆయనా నేనూ ఇన్నేళ్ళుగా 'మీరు' అనే అనుకుంటాం. ఇద్దరం కలిసి పొగబెట్టిన చేప తిన్నాం, ఒకసారి కలిసి కాలువలో పడ్డాం, అయినా మీరే. కాలువలోంచి ఆయన నాతో అన్న మాట, "యాన్సెన్ గారూ, మీ కాలు నా భుజం మీంచి తీస్తారా?" అని. (నవ్వులు)

ఆయన పని మీకు తెలుసు. నల్ల కడ్డీ ఎవరైనా చేస్తారు. ఎర్రచార కడ్డీ వేరు. ఎర్ర రబ్బరు పొరలూ నల్లపొరలూ పేర్చి, మడిచి, మెలిపెట్టి, మళ్ళీ రోలర్లలోకి తోసి, ఎప్పుడు ఆపాలో తెలిసి ఆపాలి. ఒక్క మడత ఎక్కువైతే అంతా కలిసి బురద రంగు అవుతుంది. ఆయన చారలు పోటు తీసిన తరవాత మన ఎల్బె నది ఒడ్డున మిగిలే గీతల్లా ఉంటాయి. నా పైపు కాడ ఎవరి జేబులో కనిపించినా అది ఏ చేతి చారో చెప్పేస్తాను.

చారలు అలా ఉంచండి. ఆయన పేరు నిలబెట్టింది కోరపన్ను. ఎడమ పక్కది. కడ్డీలు కుండలోంచి తీసి, సానపట్టి, చివర కోసి, ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని కొరికేవారు. బాగుంటే డబ్బాలోకి. బాగాలేకపోతే మోకాలికి ఆనించి విరిచి పొడిసంచిలోకి. మాకొచ్చే ప్రతి కడ్డీ చివరా ఆ పంటిగాటు ఉండేది. మేము దాన్ని కోసి పారేసేవాళ్ళం, కానీ గాటు లేని కడ్డీ లేతుకి ఎక్కించేవాళ్ళం కాదు.

ఒక క్రిస్మస్ ముందు ఏమైందంటే, బ్రూనోకి చేతినిండా పని, పెన్నులన్నీ పండగ కానుకలకి ఒప్పుకున్నవి. కడ్డీల కోసం వచ్చి ఇక్కడే వాకిట్లో నిలబడ్డాడు. టీడెమాన్ గారు వాయి తీశారు. ఒకటి కొరికి విరిచారు. రెండోది విరిచారు. అలా విరుస్తూనే ఉన్నారు.

"అయ్యా టీడెమాన్ గారూ, ఆపండి! అవి పెన్నులకి, నేనేమన్నా కొరుక్కుతింటానా?" అని బ్రూనో మొత్తుకున్నాడు.

"రాసేవాళ్ళు ఆలోచించేటప్పుడు పెన్ను వెనక కొరుకుతారు," అన్నారీయన, విరుస్తూనే.

"మా ఖాతాదారులు ఆలోచించరండీ!"

(నవ్వులు. బ్రూనో లేచి వంగి నమస్కారం పెట్టాడు.)

ఆ వాయి మొత్తం పొడిసంచిలోకి పోయింది. ఆ సాయంత్రం ఆయన నాతో ఒక మాటన్నారు. "యాన్సెన్ గారూ, కడ్డీ చెయ్యడం ఎవరికైనా నేర్పగలను. తను చేసిన కడ్డీని తనే వద్దనడం ఎలా నేర్పాలో నాకు తెలీదు." నేను అప్పుడు దాని గురించి పెద్దగా ఆలోచించలేదు. నాకప్పుడు చలేస్తోంది.

సరే. కిందటి కిందటి చలికాలం ఆ కోరపన్ను ఊడిపోయింది. పొగబెట్టిన ఈల్ చేప తింటూ, అందులోనే వదిలేశారు. దాని వెనకే మిగతావీ బయల్దేరాయి. దంతవైద్యుడు ప్లాస్టిక్ పళ్ళసెట్టు పెడతానన్నాడు. వాళ్ళిద్దరి సంభాషణ ఎల్జె గారి దగ్గర విన్నాను.

"ప్లాస్టిక్కా? నా నోట్లోనా?"

"అందరూ అదే పెట్టించుకుంటున్నారండీ."

"మా తాతగారి కాలంలో చిగుళ్ళు రబ్బరుతోనే చేసేవాళ్ళు. మీకు రబ్బరు నేను తెస్తాను. మీరు పళ్ళు గుచ్చండి, చాలు."

అన్నట్టే తీసుకెళ్ళారు. తన చేతి ఎర్రచారది, అన్నిటికన్నా మంచి వాయిలోంచి. ఈ షెడ్డులో అందరికన్నా అందమైన చిగుళ్ళు ఆయనవే, నవ్వినప్పుడు చూడండి. అదే చిక్కు, ఆయన నవ్వరు. (నవ్వులు)

ఇక్కడ మా పనివాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటు ఒకటి జరిగింది. రబ్బరు చిగుళ్ళతో రబ్బరు కడ్డీ కొరికితే ఏం తెలుస్తుంది? రెండూ ఒక కుండలోవే. చుట్టాలింట్లో పెళ్ళిసంబంధం గురించి చుట్టాన్నే అడిగినట్టు, ప్రతి కడ్డీకీ బాగుంది అనే జవాబే వచ్చేది. విరవడం ఆగిపోయింది. మొదట మేమంతా సంతోషించాం. తరవాత ఒక డబ్బా వచ్చింది. నేను దాంతో కాడ చేసిచ్చిన ఓడల పైలట్ ఒకాయన వారం తిరక్కుండా వచ్చి, విరిగిన ముక్క అరచేతిలో పెట్టి చూపించి, "తుఫానులో పళ్ళు కరిచిపెట్టడం నా అలవాటు, ఇలా విరగడం దీనికేం అలవాటు?" అన్నాడు. చూస్తే గాజు.

నేనూ బ్రూనో కలిసి చెప్పడానికి వచ్చాం. ఎల్జె గారు కాఫీ పోశారు, వెన్న కేకు పెట్టారు. టీడెమాన్ గారు కేకు తిని, "ఈ కేకు మెత్తగా ఉంది కదా?" అన్నారు. అది నిన్నటి కేకు. మాకు మాత్రం నమల్లేకుండా ఉంది. బ్రూనో నావంక చూశాడు, నేను కిటికీవంక చూశాను. వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాం. ఇద్దరు ముసలివాళ్ళం, నీ పన్ను పనిచెయ్యటం లేదని మూడో ముసలాయనతో చెప్పలేకపోయాం.

కానీ తరవాతి డబ్బా బాగుంది. దాని తరవాతిదీ బాగుంది. నేను అనుకున్నాను, ఆయన చిగుళ్ళకి బుద్ధొచ్చిందని. ఒకరోజు కడ్డీ చివర కొయ్యబోతూ దీపం దగ్గర పెట్టి చూశాను. ఒక గాటు వెడల్పుగా, నున్నగా, పళ్ళసెట్టుది. దాని పక్కనే ఇంకోటి. సన్నది. ముందుపన్ను మూల కాస్త విరిగిన మనిషిది.



ఇది చెప్పొచ్చా చెప్పకూడదా అని నేను పొద్దున్నించీ ఆలోచిస్తున్నాను. అక్కణ్ణించి వీబ్కె వద్దని తల ఊపుతోంది. నాకు చెప్పింది చెయ్యెత్తితే ఆపమని. తల సంగతి ఒప్పందంలో లేదు. (కొందరి నవ్వులు) వీబ్కె చిన్నప్పుడు ఈ రోలర్ల పక్కనే జారిపడి ముందుపన్ను మూల విరగ్గొట్టుకుంది. ఇక్కడున్న సగం మంది ఆ ఏడుపు విన్నవాళ్ళే. కాబట్టి ఇప్పుడెవరూ ఆశ్చర్యం నటించకండి. ఆవిడ కొరికి పక్కన పెట్టిన కడ్డీలు పెదనాన్న చూడకుండా పొడిసంచిలోకి పోతున్నాయని పైపులవాళ్ళకి తెలుసు, పెన్నులవాళ్ళకి తెలుసు, పోస్టుమాన్‌కి తెలుసు. తెలియనిది ఆయనకొక్కరికే. అందుకే ఎవరం నోరు విప్పలేదు.

మామూలుగా అయితే ఇవాళ కూడా విప్పకపోదును. కానీ టీడెమాన్ గారు ఈస్టరు నాడు అందరి ముందూ ఒక మాటన్నారు. ఆఖరి వాయి వీబ్కె ఒక్కతే చెయ్యాలి, ముద్ద దగ్గర్నించి కుండ దాకా. ఆ కడ్డీ కొరికి చూసి నెగ్గితే షెడ్డు ఆమెది. నెగ్గకపోతే పడవల పెద్దమనిషిది, ఆయన ఇక్కడ చలికాలం పడవలు ఆరబెట్టుకుంటారు. పడవల మీద నాకేం పగ లేదు. ఆరాల్సినవే. కానీ అయ్యా టీడెమాన్ గారూ, ఆ పరీక్ష చేసే పన్నేది? మీ నోట్లో ఉన్నది నెగ్గనిస్తే ఆమెకి అది గెలుపు అనిపించదు. నిన్న నేనడిగితే ఏమందో తెలుసా? "పెదనాన్న బాగుందంటే నేనేం చేసుకోను? ఆయన బల్లకోడుని కూడా బాగుందంటారు," అంది.

(టీడెమాన్ గారు కూర్చున్నచోటి నుంచే: "యాన్సెన్ గారూ, ఆ రెండో గాటు సంగతేగా? ఎంతసేపు తిప్పుతారు? నాకు పళ్ళు పోయాయి గానీ కళ్ళున్నాయి.")



("తెలిస్తే ఎందుకు చెప్పలేదు పెదనాన్నా?" అని కుండ దగ్గర్నించి వీబ్కె.)

("నువ్వు చెప్పావా?")

("నువ్వు బాధపడతావని.")

("నేనూ అందుకే. ముల్లు చూడు, ముల్లు.")

(నవ్వులు. ఎల్జె గారు నవ్వలేదు, చేతిసంచిలో ఏదో వెతుక్కున్నారు.)

మంచిది. నేను ఇంత దూరం తిరిగొచ్చి చెప్పిన సంగతి ఆయనకి ముందే తెలుసన్నమాట. ఉపన్యాసకుడికి ఇంతకన్నా అవమానం లేదు, కానీ నాకెందుకో హాయిగానే ఉంది. ఆయన్ని గురించి నేను పొగడ్తలు రాసుకొచ్చాను, ఈ జేబులో ఉన్నాయి. ఓపిక, నిజాయితీ, అలాంటివి. అవి ఎవరి సభలోనైనా చదవచ్చు కనక దాచిపెడుతున్నాను, వచ్చే ఏడు బ్రూనోకి పనికొస్తాయి. టీడెమాన్ గారి గురించి నేను చెప్పగలిగింది ఒకటే. నా చేతి పైపులు ఎన్నో నోళ్ళలో ఉన్నాయి. ఆ మనుషులకి నా పేరు తెలుసు. వాళ్ళ పళ్ళకి తగిలేది మాత్రం నేను చేసిన చెక్క కాదు, ఆయన రబ్బరు. ఈ విషయం నాకు మొదటినుంచీ కొంచెం కష్టంగానే ఉంది. ఇవాళ కూడా ఉంది.

ఆ రబ్బరు రేపటినుంచి దొరక్కపోతే నేను ప్లాస్టిక్ కాడలు పెట్టను. చేతిలో ఉన్న పైపులు ముగించి, మీ అందరి వాకిళ్ళలో కూర్చుని కబుర్లు చెబుతాను. కాబట్టి ఇది నా ఒక్కడి సమస్య అనుకోకండి.

(నవ్వులు. వీబ్కె చెయ్యెత్తింది.)

అదిగో, చెయ్యి లేచింది. హార్మ్స్ గారికి, కుర్చీలు మోసినవాళ్ళకి, కేకులు చేసిన ఎల్జె గారికి, నా మాట మధ్యలో లేచి వెళ్ళిపోనివాళ్ళకి, వెళ్ళాలనుకుని మర్యాద కోసం ఆగినవాళ్ళకి ఇంకా ఎక్కువ, కృతజ్ఞతలు. టీడెమాన్ గారూ, మీ భుజం మీంచి కాలు తీస్తున్నాను. సెలవు.

(చప్పట్లు.)

ప్రసంగం అక్కడితో అయిపోయింది. కార్యదర్శికి ఇచ్చిన పేజీల్లో ఇంకాస్త చోటుంది కనక మిగతాది కూడా రాస్తాను.

కుండ మూత తీశారు. గంధకం వాసనకి ముందు వరస వెనక్కి జరిగింది. వీబ్కె ఒక ఎర్రచార కడ్డీ తీసి, సానపట్టి, తుడిచి ఇచ్చింది. చారలు బాగున్నాయి. పెదనాన్నవి కావు, వేరే చెయ్యి, కానీ బాగున్నాయి. టీడెమాన్ గారు రంపంతో చివర కోసి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగారు. పళ్ళసెట్టు తీసి చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు. కడ్డీ ఆమెకిచ్చారు.

"అందరూ చూస్తున్నారు," అంది వీబ్కె నెమ్మదిగా.

"చూడనీ."

ఆమె కొరికింది. ఇంకోవైపు తిప్పి మళ్ళీ కొరికింది. పడవల పెద్దమనిషివంక చూసింది, నావంక చూసింది, చివరికి కడ్డీవంక చూసింది.

"గాజు," అంది. "ఇది పంపను."

మోకాలికి ఆనించి విరిచి, రెండు ముక్కలూ పొడిసంచిలో వేసి, రెండో కడ్డీ కోసం కుండలోకి వంగింది.

టీడెమాన్ గారు పళ్ళు లేని నోటితోనే పడవల పెద్దమనిషివైపు తిరిగి, గోడలు ఇక కొలవక్కర్లేదనీ, కేకు చాలా మిగిలిపోయింది కనక పిల్లలకి కొంచెం పట్టుకెళ్ళమనీ అన్నారు.